గళ్ల రొట్టె తినేంతసేపు

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే చెల్లె ఫోన్ చేసింది. నేను విలేకరిగా పనిచేసేది సత్తుపల్లిలో. చెల్లె ఉండేది దమ్మపేటలో, మా అమ్మగారింట్లో. పెద్దమ్మది దాని పక్కిల్లు, మధ్యలో ఒక పిట్టగోడ. పెరట్లో రొట్టెల పిండి కలుపుతూ పక్కకు ఒరిగిందట. చప్పుడు విని చెల్లె గోడ దాటి వెళ్లేసరికి ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. అంబులెన్సు వచ్చింది. చూశారు. ఖాళీగా తిరిగి వెళ్లింది.

"అప్పటికి కుంపటి వెలుగుతున్నదా?" అని అడిగాను.

"లేదక్కా. బొగ్గులింకా రాజెయ్యనే లేదు. గుండె ఆగిందంటున్రు."

ఎవరైనా పోయారంటే ఎలా, ఎక్కడ, ఎప్పుడు అని అడగడం నా వృత్తిలో అలవాటు. కుంపటి గురించి అడిగింది మాత్రం అలవాటుతో కాదు, భయంతో. ఆ భయం ఇంకా పూర్తిగా దిగకముందే చెల్లె రెండో మాట చెప్పింది.

"మూలింటికి ఇయ్యాల ఎవ్వరూ పోలే."

మా వీధి చివర మూలింట్లో ఒక బాలింత ఉంది. బిడ్డ పుట్టి నెల కాలేదు. చలి తగలకూడదని అత్త ఆ గది కిటికీ మూసి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెడుతుంది. రోజూ పొద్దున్నే పెద్దమ్మ వెళ్లి ఆ కిటికీ తెరిపించి వచ్చేది. ఈరోజు తెరిపించడానికి పెద్దమ్మ లేదు. వీధిలో ఆడవాళ్లంతా శవాన్ని తాకారు. చావు మైల ఉన్నవాళ్లను పురిటి గది గడప తొక్కనివ్వరు. అయినా చెల్లె వెళ్లింది. గేటు దగ్గరే ఆపేశారు. ఆశా కార్యకర్త కూడా శవం దగ్గరే ఉంది, ఆమెనూ రానివ్వలేదు. ఆ బాలింత మొగుడు లారీ మీద పోయాడు, ఫోన్ కలవడం లేదు.

"ఇంకొకటి కూడ ఉందక్కా. శవం వీధిల ఉంది గదా, గాలి కొడ్తదని మిగిలిన సందులు కూడ మూసిన్రు."

ఇన్నేళ్లలో చాలా చావుల గురించి విన్నాను, రాశాను.  ఫోన్ చెవికి పెట్టుకునే స్కూటీ తాళం వెతికాను.

"ఇంక శవాన్ని ముట్టుకోనిదానివి నువ్వొక్కదానివే. ఇటు రాకు. సీదా ఆడికే పో" అంది చెల్లె.

పెద్దమ్మ ముఖం చూడకుండా ముందు అక్కడికి వెళ్లమంటోంది. నేను స్కూటీ తీశాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. వీధి మొత్తం ఆమెను అలాగే పిలిచేది, మేమూ పిలిచాం. పెదనాన్న భద్రాచలం వైపు అడవి అంచున ఒక మిషన్ ఆసుపత్రిలో వంటవాడిగా చేసేవాడు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. అక్కడి విదేశీ డాక్టరమ్మ వెళ్లిపోతూ వంటింట్లోని ఒక ఇనుప అచ్చును ఆయనకు ఇచ్చింది. రెండు పలకలు పుస్తకంలా మూసుకుంటాయి. పలకల లోపలి వైపు గళ్లు. పట్టుకోవడానికి పొడుగాటి పిడులు. ఇప్పుడు బేకరీల్లో పిల్లలు వాఫిల్ అని అడిగి కొనుక్కునేది అలాంటి అచ్చులో కాల్చిందే. పెద్దమ్మ దాన్ని గళ్ల రొట్టె అనేది. చలికాలం వస్తే మా వీధి పిల్లలకు పొద్దుటి పలహారం అదే.

ఆమె చేసే పద్ధతి చెబుతాను. గోధుమ పిండిలో పిడికెడు బియ్యప్పిండి, కరిగించి వడకట్టిన తాటి బెల్లం, చిక్కటి మజ్జిగ, గుడ్డు, నెయ్యి. సొంఠి, మిరియాలు, యాలకులు, దాల్చిన చెక్క అప్పటికప్పుడు రోట్లో దంచి కలిపేది. పిండి గరిటె నుంచి తాడులా జారాలి. అచ్చును బొగ్గుల మీద రెండు వైపులా కాల్చి, గుడ్డతో నెయ్యి రాసి, పిండి పోసి మూసేది. పలకల అంచుల్లోంచి ఆవిరి బుసబుసా వచ్చేది. పిల్లలం తొందరపడేవాళ్లం.

"ఆవిరి వస్తుంటే తెరవొద్దు. రెండు చెక్కలైతది. అదే ఆగుతది, అప్పుడు తియ్యి" అనేది.

ఆవిరి ఆగాక తీస్తే రొట్టె గోధుమ రంగులో కరకరలాడుతూ వచ్చేది. గూడేల ఆడవాళ్లు సంతకు తెచ్చే తేనె గళ్లలో పోసేది. ఒక గడి నిండాకే పక్క గడి. మిరియం ఘాటు గొంతులో దిగి, ఆ తరువాత సొంఠి చెవుల దాకా పాకేది. చలి అన్న మాట కాసేపు మరిచిపోయేవాళ్లం.

రొట్టెలు అయిపోయాక కుంపట్లో బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉండేవి. మా వైపు నిప్పును ఊరికే ఆర్పెయ్యరు. చలికాలంలో దగ్గర్లో బాలింత ఉంటే ఆ బొగ్గులు ఆ ఇంటికి పోవాలి. పొగంతా పోయి, ఎర్రగా కాలిన బొగ్గు తల్లీబిడ్డల గదికి మంచిదని అందరి నమ్మకం. పొగ ఉన్న కట్టెను ఎవరూ లోపలికి తీసుకుపోరు. పొగ లేని బొగ్గును ఇనుప చట్టిలో పోసి స్వయంగా మోసుకెళ్లి ఇవ్వడం పెద్దమ్మకు ఇష్టమైన పని. పుణ్యమనేది.

చెల్లె కాన్పయిన చలికాలం కూడా అలాగే ఇచ్చింది.

అప్పుడు అమ్మ ఉంది. పచ్చి బాలింత అని చెల్లెను, బిడ్డను ముందు గదిలో పెట్టి తలుపులన్నీ మూసింది. చెల్లెకు తలనొప్పి మొదలైంది. చలి చేసిందనుకుంది అమ్మ, ఇంకో దుప్పటి కప్పింది. మర్నాడు కక్కుకుంది. చలి లోపలికి పోయిందన్నారు, ఇంకా కాసిని బొగ్గులు కావాలన్నారు. పెద్దమ్మ చట్టి నింపి తెచ్చింది. తల తిరుగుతున్న కొద్దీ కుంపటి నిండుతూ వచ్చింది. విషాన్ని మందనుకుని ఎక్కువెక్కువ పోయడం అంటే ఏమిటో ఆ గదిలో జరిగింది. బిడ్డ మాత్రం ఏడవడం లేదు. మంచిగ నిద్రపోతున్నదని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు.

ఆ మర్నాడు పొద్దున పెద్దమ్మ బొగ్గులతో పాటు చెల్లె కోసం ఒక గళ్ల రొట్టె తెచ్చింది. గుడ్డు వెయ్యకుండా, పిప్పళ్లు, వాము కలిపి చేసింది. ముక్క తుంచి చెల్లె నోటి దగ్గర పెట్టింది. చెల్లె పెదవులు కదలలేదు. సొంఠి వాసన అంటే గది అవతల నుంచే తుమ్మే మనిషి, ముక్కు కింద పెట్టినా కదల్లేదు. పెద్దమ్మ బిడ్డ కాలు పట్టుకుంది. కాలు వేలాడింది.

ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. బొగ్గుల సంగతి అసలే తెలియదు. గది మంచిది కాదని మాత్రం అనిపించిందట. తలుపు తన్ని, బిడ్డను ఒక చేత్తో, చెల్లె జబ్బను ఒక చేత్తో పట్టి వాకిట్లోకి ఈడ్చింది. "పచ్చి బాలింతను మంచుల ఏస్తవా" అని అమ్మ అరుస్తూనే ఉంది.

నేను దవాఖానాకు చేరేసరికి ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టి ఉన్నారు. డ్యూటీ డాక్టరు ఒక్కటే అడిగాడు: గదిలో కుంపటి ఉందా? ఉందన్నాం.

"నేను పొగంత పోయినంకనే ఇచ్చిన సారు. ఎర్రటి బొగ్గులు, నిఖార్సైనయి" అంది పెద్దమ్మ.

"అదేనమ్మా చెప్పేది. పొగ కనిపిస్తే మీరే తలుపు తీసేవాళ్లు. ఆ బొగ్గు నుంచి వచ్చే గాలికి రంగు ఉండదు, వాసన ఉండదు. మూసిన గదిలో నిద్రపుచ్చినట్టే పుచ్చి ప్రాణం తీస్తుంది."

పెద్దమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. తన అరచేతులు చూసుకుంది. చట్టి మోసి మోసి అక్కడ నల్లటి గీతలు. "నా బొగ్గులే బిడ్డా" అంది నాతో.  చెల్లె కళ్లు తెరిచిందని నర్సు వచ్చి చెప్పినా లేవలేదు. బిడ్డ ఏడుపు వినబడ్డాక లేచింది.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నాడు. ఇద్దరూ దక్కారు. పెద్దమ్మకు మాత్రం ఆ రోజు పట్టుకున్న భయం వదల్లేదు.

ఇక ఆమె అచ్చును పారేస్తుందనుకున్నాం. పారెయ్యలేదు. కుంపటిని వంటింట్లోంచి పెరట్లోకి మార్చింది. మంచు కురుస్తున్నా, నెత్తిన గోనె సంచి కప్పుకుని ఆకాశం కిందే కూర్చునేది. పని అయ్యాక బొగ్గుల మీద నీళ్లు పోసి, బుస్సుమనడం ఆగాక కర్రతో కెలికి, మళ్లీ పోసేది. ఒక్క నిప్పురవ్వ కూడా ఎవరింటికీ ఇవ్వలేదు. చెల్లె జాలిపడి కరెంటుతో పనిచేసే వాఫిల్ మిషను కొనిచ్చింది. అది అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

"బొగ్గును వదిలిపెడితే భయం కూడ పోతది. రోజూ చూస్తుంటేనే యాదికుంటది" అంది.

ఆ పైయేడు నుంచి ఆమె ఇంకో పని మొదలుపెట్టింది. చలికాలంలో ఎవరింట్లో కాన్పయినా పొద్దున్నే వేడి రొట్టె పట్టుకుని వెళ్లేది. ముందు మా వీధి, తరువాత పక్క వీధులు, ఆ తరువాత ఆటో కట్టించుకుని పక్క ఊళ్లు. పురిటింట్లో చావు మాట ఎత్తకూడదు. కుంపటి ప్రాణం తీస్తుందని ఆ గడపలో నిలబడి చెబితే రెండోసారి రానివ్వరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకని చావు గురించి చెప్పేది కాదు, రొట్టె గురించి చెప్పేది.

ఒకసారి వార్త పని మీద వెళ్తూ నేనే ఆమెను ఒక మోతుబరి రైతు ఇంట్లో దింపాను. అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"రొట్టె ఇచ్చిపోరాదు? కిటికీ ఎందుకు తెరవాలె?"

"మూసిన గదిల రొట్టె మెత్తబడ్తది. పొద్దటి నుంచి మంచుల కూసొని చేసిన. నీ కోడలు దాన్ని గోనెగుడ్డ నమిలినట్టు నమిలితే నాకేం ఇజ్జత్?"

"రొట్టెకు గూడ ఇజ్జతేనా."

"అవ్. తినేదాక తీసిపెట్టు. తిన్నంక నీ ఇష్టం, మూసుకో, తాళమేసుకో."

అత్తగారు నవ్వి కిటికీ తీసింది. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని తేనె సీసా విప్పింది. ఒక గడి నింపి, ఆ ముక్క తిన్నాకే ఇంకో గడి నింపేది. కోడలు ఆకలి మీద గబగబా తింటుంటే పెద్దమ్మ ముఖం చూడాలి. బండి మీద తిరిగి వస్తూ, "రేపు మిరియం పెంచాలె. మధ్య మధ్య నీళ్లు తాగుతూ తింటది, జర ఆలస్యమైతది" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ కిటికీ మళ్లీ ఎప్పుడు మూస్తారా అని లెక్కేసుకుంటోంది.

రొట్టె తినేంతసేపట్లో గాలి మారుతుంది, బొగ్గు గాలి మళ్లీ నిండడానికి సమయం పడుతుంది, అప్పటికి ఎండ వస్తుంది, ఎండ వస్తే వాళ్లే కుంపటి తీసేస్తారు. ఆమె ఆలోచన అంతే.

గూడేల్లో ఈ తంటా తక్కువ. ఒక కోయ ముసలమ్మ పెద్దమ్మ రొట్టె తీసుకుని, తడిక గోడను చూపించి, "కిటికీ యాడ తెరవాలమ్మా? మా ఇల్లంత కిటికీయే" అంది. పెద్దమ్మ ఆ ఇంట్లో మాత్రం హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుని టీ తాగింది. కొత్తగా కట్టిన స్లాబు ఇళ్లు, గట్టి తలుపులు, అద్దాల కిటికీలు చూస్తేనే ఆమెకు గుబులు.

ఈ చలికాలం ఆమెను ఎక్కువ భయపెట్టింది మూలిల్లే. అదీ స్లాబు ఇల్లే. ఆ పిల్లకు తల్లి లేదు, అందుకే మొదటి కాన్పు అత్తగారింట్లో అయింది. అత్త ఒక పట్టాన మాట వినేది కాదు. ఆమెకు తన కారణం ఉంది. తొలిచూలు బిడ్డను తడిక ఇంట్లో, ఇలాంటి చలికే పోగొట్టుకుంది. కిటికీ తెరిచిన ప్రతిసారీ ఆమె మంచం దగ్గరే నిలబడి, రొట్టె ఎప్పుడు అయిపోతుందా అని చూసేదట.

పోయిన వారం ఇంటికి వెళ్లినప్పుడు పెద్దమ్మ నాతో చెప్పింది. "ఆమెకు నా మీద కోపం లేదు బిడ్డా. ఆమెకు చలి భయం, నాకు బొగ్గు భయం. ఇద్దరం భయపడేటోళ్లమే, ఒక కిటికీ కాడ కొట్లాడుతున్నం."

ఆమె నాతో అన్న చివరి మాటల్లో అదొకటి.

సత్తుపల్లి దాటాక మంచు రోడ్డు మీదికి దిగి ఉంది. బొగ్గు లారీలు లైట్లు వేసుకుని ఎదురు వస్తున్నాయి. దగ్గరికి వచ్చేదాకా కనపడడం లేదు. వేగంగా పోవాలి, పోలేను. పామాయిల్ తోటల దగ్గర బండి ఆపి చెల్లెకు ఫోన్ చేశాను.

"కిటికీ?"

"తెరవలే."

"పొగ గొట్టం లాంటిదేమన్నా ఉందా ఆ గదికి?"

"ఏముందక్కా, వెంటిలేటర్ల గూడ పాత చీర కుక్కిన్రు. నేను గోడ మీంచి అరిచిన. ఆ పిల్ల పలికింది. పలికింది గాని మాట ముద్దగున్నది."

మాట ముద్దగా ఉండడమంటే ఏమిటో చెల్లెకు తెలుసు. ఒకప్పుడు తన మాటే అలా ఉంది.

"కారేపల్లి నుంచి పెద్దమ్మ మరిది కొడుకులు వచ్చిన్రు. జల్దీ ఎత్తుతమంటున్రు. నీకోసం ఆగమని చెప్పాల్నా?"

"వద్దు" అన్నాను.

పెద్దమ్మ వాకిలి కనిపించకుండా తోట వెనక దారిలో వెళ్లాను. డప్పు వినిపిస్తోంది. మూలింటి గేటుకు వేపమండలు కట్టి ఉన్నాయి. నేను బండి దిగుతుంటేనే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ్నే ఆగు. చావింట్ల నుంచేనా?"

"కాదత్తమ్మా. సత్తుపల్లి నుంచి సీదా ఇటే వచ్చిన. ఆమె మొకం ఇంకా చూడలే."

"చూడలేదా? నీకంత దగ్గరి మనిషి గదా."

"చూస్తే నన్ను లోపలికి రానియ్యవు గదా."

ఆమె లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసింది.

గదిలో అడుగు పెడితే ముఖానికి వేడి కొట్టింది. చీకటి. మంచం పక్కన కుంపటి ఎర్రగా ఉంది, పొగ జాడ లేదు. ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే మెల్లగా ఇటు తిరిగింది. ఇరవై నిండని మొహం.

"తల పగులుతున్నదక్కా. కడుపుల తిప్పుతున్నది."

"బిడ్డ?"

అత్త జవాబు చెప్పింది. "పొద్దటి నుంచి ఏడుపే లేదు. మంచిగ నిద్రపోతున్నది."

ఆ మాట నేను ఇంతకు ముందు మా ఇంట్లో విన్నాను.  వంగి బిడ్డ అరికాలు మీద గోటితో గీశాను. కాలు వెంటనే కదల్లేదు. కాస్త ఆగి కదిలింది.

"కిటికీ తెరుద్దాం."

"శవం లేవనీ. అప్పటిదాక తెరవ. పోయినోళ్ల గాలి పసిదాని మీద పడ్తది."

"పెద్దమ్మ గాలా?"

ఆమె తడబడింది. "ఎవరిదైతేంది, గాలి గాలే. నీకేం తెలుసు? చలికి బిగుసుకపోయిన బిడ్డను ఈ చేతులతోనే మట్టిల పెట్టిన."

ఆమెతో వాదించే వ్యవధి లేదు. వాదిస్తే గెలిచేదీ లేదు. గదిలో ఇంకో తలుపు ఉంది, పెరట్లోకి. దాని సందుల్లో గుడ్డలు.

"శవం ముందు వీధిలనే గదా పోతది. ఈ తలుపు వెనక్కి. అటు ఎవ్వరి గాలీ రాదు."

"మరి చలి?"

"బిడ్డను నువ్వు ఎత్తుకో. చెంగు లోపల, రొమ్ముకు ఆనించుకో. కుంపటి కంటే నీ ఒళ్లు వెచ్చన."

ఆమె కదల్లేదు. డప్పు చప్పుడు ఒక్కసారి పెరిగింది. మంచం మీద పిల్ల లేవబోయి మళ్లీ వెనక్కి పడింది. అది చూసి అత్త ముఖం మారింది. చలి అలా చెయ్యదని ఆమెకూ తెలుసు. బిడ్డను ఎత్తి చీర లోపల దాచుకుంది. నేను గుడ్డలు పీకి గడియ లాగాను. బిగుసుకుపోయి ఉంది. భుజం పెట్టి నెట్టితే తెరుచుకుంది.

ఆ పిల్లను నా మెడ మీద చెయ్యి వేయించుకుని పెరట్లో చాప మీదికి తెచ్చాను. మంచు ఇంకా విడవలేదు. దుప్పటి కప్పి, వెనక్కి వెళ్లి కుంపటిని ఆ గుడ్డలతో చెవులు పట్టి ఎత్తి తెచ్చి, బావి అవతల పెట్టి నీళ్లు గుమ్మరించాను. అత్త జామచెట్టు కింద నిలబడి చీర లోపలికి చూసుకుంటోంది.  బిడ్డ ఎలా ఉందని అడగడానికి నేను భయపడ్డాను.

ఫోన్ మోగింది. చెల్లె. "అక్కా, ఎత్తుతున్రు. వస్తవా?"

"రాలేను."

అప్పుడే చీర లోపల బిడ్డ ఏడ్చింది. మొదట పిల్లికూనలా, తరువాత గట్టిగా, కోపంగా. అత్త నేల మీద కూలబడింది.

"ఏడుస్తున్నదా?" అంది చెల్లె ఫోన్‌లో.

"అవ్."

 చెల్లె ఫోన్ పెట్టలేదు. ఆ చివర డప్పు, ఈ చివర ఏడుపు, కొంతసేపు రెండూ కలిసి వినిపించాయి. తరువాత డప్పు ఇంటి ముందుకు వచ్చింది, వీధి మలుపు తిరిగింది, దూరమైంది.

ఆశా కార్యకర్త గేటు బయటి నుంచే అంబులెన్సు పిలిచింది. అది వచ్చేదాకా మేము పెరట్లోనే ఉన్నాం. తల్లీబిడ్డలను దవాఖానాలో చూసి, ఆక్సిజన్ పెట్టి, ప్రమాదం లేదన్నారు. నేను పెద్దమ్మ ముఖం చూడలేదు. ఆమె గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకు కూడా కావచ్చు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఈ చలికి ఎవరైనా గది మూసుకుని కుంపటి పెట్టుకుంటే, పొగ లేదు కదా అని ఊరుకోకండి. ఇది వార్త కాదు, నేను చెప్పగలిగిందల్లా ఇదే.

అంబులెన్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడు అత్త బిడ్డను కోడలి ఒళ్లో పెట్టి లేచింది. ఇంట్లోకి వెళ్లింది. కిటికీ రెక్కలు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. చాప మీద నుంచి చూస్తే వెనక తలుపు, ఖాళీ మంచం, ముందు కిటికీ ఒకే వరసలో ఉన్నాయి, వాటిలోంచి వీధి కనిపించింది. శవం మీద చల్లిన పేలాలు, బంతిపూల రెక్కలు మలుపు దాకా రోడ్డు పొడుగునా పడి ఉన్నాయి. కోడి ఒకటి పేలాలు ఏరుకుంటూ, ఆగుతూ, మళ్లీ ఏరుకుంటూ వాళ్లు వెళ్లిన వైపే పోతోంది. అత్త కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూస్తోంది. కిటికీ మీద చెయ్యి ఉంది. మూయలేదు.